గోడ మీది అన్నదమ్ములు

పోయిన వారం భారతి మా ఇంటికి వచ్చింది. మూసారాంబాగ్‌లో మెట్రో ఎక్కి ఎల్బీనగర్‌లో దిగి, మా అపార్టుమెంటు లిఫ్టు ఎప్పటిలాగే మొరాయిస్తే మెట్లన్నీ ఎక్కి, తలుపు దగ్గర నిలబడి ఆయాసం తీర్చుకుంటూ, "గుర్తుపట్టావా సుగుణా?" అంది. గుర్తుపట్టక ఏం చేస్తాను, ముఖం మధ్యలో వాళ్ళమ్మ ముక్కు అలాగే ఉంది. తల్లి కొంగు పట్టుకుని తిరిగే చిన్నపిల్లగా చూసిన మనిషి, ఇప్పుడు మోకాళ్ళు పట్టుకుని సోఫాలో కూలబడింది. వాళ్ళమ్మ సీతారావమ్మగారు ఈ మధ్యనే కాలం చేశారని ఫోనులో ముందే చెప్పింది. "నిన్నొక మాట అడిగి పోదామని వచ్చాను. మీ దిల్‌సుఖ్‌నగర్ ఇంటి సంగతి. నువ్వు తప్ప చెప్పేవాళ్ళు ఎవరూ మిగల్లేదు" అంది.

అంతలో నా ఫోను మోగింది. మా చిన్నాయన యాదగిరి. మాట్లాడటానికి కాదు, వాట్సాప్‌లో మందు పంపటానికి. తుర్కయంజాల్‌లో కొడుకు ఇంట్లో ఉంటూ రోజూ పొద్దున్నే చుట్టాలందరికీ ఒక్కో వైద్యం పంపుతాడు. మెంతుల నీళ్ళు తాగితే షుగరు పారిపోతుందనీ, బెండకాయ నానబెట్టి ఆ నీళ్ళు తాగితే మోకాలి చిప్ప కొత్తగా మొలుస్తుందనీ. కింద ఎవరో ఒక పెద్ద డాక్టరు పేరు, ఆయన ఏ ఊరివాడో ఆ దేవుడికే తెలియాలి. నేను చూసి నవ్వి, భారతికి చూపించాను. ఆమె కూడా నవ్వింది. కాసేపటికి ఇద్దరం ఆ నవ్వు ఆపి ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. ఎందుకంటే ఈ మందుల నవ్వు మాకు కొత్త కాదు. మా ఇళ్ళల్లో అది పుట్టింది ఒక గోడ దగ్గర.

అప్పటి దిల్‌సుఖ్‌నగర్ అంటే ఇప్పటివాళ్ళకు చెప్పినా నమ్మరు. రోడ్డు దాటితే పొలాలు, ఎల్బీనగర్ వైపు ద్రాక్షతోటలు, బండలు. చీకటి పడితే ఆ వైపు ఎవరూ పోయేవాళ్ళు కాదు. నల్లగొండ దగ్గర పల్లె నుంచి మా నాయన లారీ నడపటానికి వచ్చి, ఒక పాత పెంకుటింట్లో సగం భాగం కిరాయికి తీసుకున్నాడు. మిగతా సగంలో సీతారావమ్మగారి కుటుంబం. ఆమె భర్త సర్కారు ఆఫీసులో గుమాస్తా, గుంటూరు వైపు వాళ్ళు. రెండు భాగాలకూ కలిపి ఒకటే వరండా, ఒకటే నల్లా. ఆ వరండా గోడకు చెమ్మ ఎక్కి సున్నం పొడిపొడిగా రాలుతుంటే, ఇంటాయనకు చెప్పీ చెప్పీ విసిగి, మా అమ్మ మైదాపిండితో లై ఉడికించి గోడంతా పాత పేపర్లు అంటించింది. ఆ పేపర్లు సీతారావమ్మగారివే. ఆమె మామగారు పేపరు చదివి పారేసే రకం కాదట, ఏళ్ళ తరబడి కట్టలు కట్టి దాచాడట. ఆయన పోయాక ఆ కట్టలు సామానుతో పాటు హైదరాబాదు వచ్చాయి. పుల్లటి లై వాసన, పాత కాగితం వాసన, దానికి తోడు మా నాయనమ్మ ఆముదంలో కాచే వావిలాకు నూనె వాసన. ఇప్పటికీ ఎక్కడైనా ఆముదం కాగితే నాకు ఆ వరండా ముందుకు వచ్చి నిలబడుతుంది.

మా నాయనమ్మ నర్సమ్మకు చదువు రాదు గానీ అభిప్రాయాలకు ఏ కొదవా లేదు. పొద్దంతా వరండాలో ఆ గోడ పక్కనే చాప వేసుకుని కూర్చునేది. ఆమె తల ఎత్తు దగ్గర వరసగా మందుల ప్రకటనలు వచ్చాయి. అమ్మ చూసి అంటించిందేమీ కాదు, అట్లా కుదిరింది. రాజకీయాలన్నీ పైకప్పు దగ్గరికి పోయాయి, సినిమా బొమ్మలు నీళ్ళ కుండ వెనక పడ్డాయి, నాయనమ్మ వాటాకు మందులొచ్చాయి. మధ్యాహ్నం పనులయ్యాక సీతారావమ్మగారు చాటలో బియ్యం పోసుకుని, భారతిని ఒళ్ళో పడుకోబెట్టుకుని, గోడకు ఎదురుగా కూర్చుని ఒక్కొక్కటీ చదివి వినిపించేది. మామూలుగా చదివితే అది వేరు సంగతి. ఆమె హరికథ చెప్పినట్టు చదివేది. "నరముల బలహీనత, నిస్సత్తువ, తల తిరుగుట, ఆకలి మందగించుట, అకారణ భయము, ఏ పనియందును ఉత్సాహము లేకుండుట" అని రాగం తీసి, గొంతు మార్చి, "ఇది మా ఆయన జాతకంలా ఉందండీ" అనేది. "ఉత్తర ప్రత్యుత్తరములు అతి రహస్యముగా నుంచబడును" అని చదివి, "రహస్యమంటూనే పేపర్లో వేయించాడు చూడండి" అనేది. ఆడవాళ్ళ జబ్బులూ, మగవాళ్ళ జబ్బులూ వచ్చిన చోట నన్ను చూసి గొంతు తగ్గించి, దగ్గి, పక్క ప్రకటనలోకి దూకేది. ఆ దగ్గు ఎక్కడ వస్తుందో గుర్తు పెట్టుకుని నేను తర్వాత ఒక్కదాన్నే చదివేదాన్ని. ఏమీ అర్థమయ్యేది కాదు.

ప్రతి ప్రకటన అయిపోగానే ఆమె బియ్యంలో రాళ్ళు ఏరటం ఆపి, "నమ్మారా, నర్సమ్మగారూ?" అని అడిగేది. నాయనమ్మ గోడ వైపు ఒకసారి చూసి, "నమ్మిన. ఇంకోటి సదువు" అనేది. నమ్మకపోయినా అదే మాట. అది మా ఇంటి మంత్రం లాంటిది. ఆ మాట అనేదాకా రెండోది మొదలయ్యేది కాదు, అన్నాక ఆగేది కాదు.

నాయనమ్మ కొన్నిటిని మాత్రం నిజంగానే నమ్మింది. మందు వాడి బాగుపడ్డామని జనం రాసిన మాటలు ఉంటాయి కదా, వాటిని పూర్తిగా నమ్మింది. వీరమ్మ అనే ఆవిడ రాసింది ఒకటి ఉండేది. "అయిదు కాన్పుల పిమ్మట మంచము పట్టి బ్రతుకుపై ఆశ వదులుకొనియుండగా, నా భర్త తమ మందు ఒక సీసా తెప్పించిరి. ఇప్పుడు రెండు బిందెల నీరు సునాయాసముగా మోయుచున్నాను." అది విన్న ప్రతిసారీ నాయనమ్మకు కోపం వచ్చేది. "జర లేషి కూసుండంగనే నీళ్ళు మోపిచ్చిండా? గా మొగోనికి పొయ్యమనరాదు సీసెడు మందు" అనేది. సీతారావమ్మగారు నవ్వు ఆపుకోలేక చాట కింద పెట్టేది. ఆమెకు ఇంకొక సరదా, నాయనమ్మ కాచే వావిలాకు నూనెకు కూడా ప్రకటన కట్టటం. "నర్సమ్మగారి మోకాళ్ళ తైలము. కూర్చున్నవారు లేచెదరు, లేచినవారు నడిచెదరు, నడిచినవారు పరుగెత్తెదరు. పరుగెత్తినవారిని పట్టుకొను బాధ్యత మాది కాదు." నాయనమ్మకు ఆ భాష సగమే తెలిసేది గానీ, తన పేరు పేపరు భాషలో వినబడితే ముఖం వెలిగిపోయేది.

ఇక అసలు కథ గజబల లేహ్యంది. ఆ ప్రకటనలో పక్కపక్కనే రెండు బొమ్మలు. ఎడమ పక్క ఎముకలు లెక్కపెట్టేటంత బక్క మనిషి, కుడి పక్క చేతులు కట్టుకుని మీసం దువ్విన లావుపాటి మనిషి. కింద ఒకదానికి "వాడక పూర్వము", రెండోదానికి "వాడిన పిదప" అని చిన్న అక్షరాల్లో ఉండేది. నాయనమ్మ వాళ్ళను అన్నదమ్ములనుకుంది. ముక్కు ఒకటే, చెవులు ఒకటే, అన్నదమ్ములు గాక మరేమిటి? పెద్దోడు అంతా తానే తింటున్నాడనీ, చిన్నోనికి వదిన సరిగ్గా పెట్టటం లేదనీ కథ అల్లింది. రోజూ తను అన్నం తినేముందు మొదటి బుక్కెడు ఆ బక్క బొమ్మకు చూపించి, "తిను కొడుకా" అని అప్పుడు తన నోట్లో పెట్టుకునేది. ఆ బొమ్మ ముఖం మీద జిడ్డు మరక కూడా పడింది. నేను ఒకసారి కింది అక్షరాలు కూడబలుక్కుని చదవబోతే సీతారావమ్మగారు నా తొడ మీద చిన్నగా గిల్లి, కళ్ళతోనే వద్దంది. ఆ ఒక్క ప్రకటనను మాత్రం ఆమె ఎన్నడూ ఉన్నది ఉన్నట్టు చదవలేదు. "ఈరోజు పెద్దోడు తమ్ముడికి నెయ్యి పోస్తానంటున్నాడండీ" అని ఏదో ఒకటి కల్పించి చెప్పేది. నాయనమ్మ అది విని తృప్తిగా అన్నం కలుపుకునేది.

ఆ ఏడే, అరవై తొమ్మిదిలో, మా బడులు మూసేశారు. ప్రత్యేక రాష్ట్రం కావాలని విద్యార్థులంతా రోడ్ల మీదికి వచ్చారు. మా నాయన తమ్ముడు యాదగిరి చిన్నాయన మా ఇంట్లో ఉండి కాలేజీలో చదివేవాడు. పొద్దున పోతే మళ్ళీ సాయంత్రం నినాదాలతో గొంతు పోగొట్టుకుని వచ్చేవాడు. మూసీ అవతల కాల్పులు జరిగాయని, ఎవరో పిల్లవాడు పోయాడని అతని నోటి నుంచే విన్నాం. నౌకర్లు మాకు రావలసినవి వేరేవాళ్ళకు పోతున్నాయన్నది అతని బాధ. అది ఉత్త బాధ కాదు. అతనికంటే ముందు డిగ్రీ చేసిన మా ఊరి వాళ్ళు ఉద్యోగాల్లేక తిరుగుతుండటం నేనూ చూశాను. ఇంకోవైపు సీతారావమ్మగారి భర్త ఆఫీసుకు పోయేటప్పుడు టిఫిను డబ్బా చంకలో పెట్టుకుని వెనకా ముందూ చూసుకుంటూ పోయేవాడు. వెళ్ళిపొమ్మని గోడల మీద రాసినవి ఆయనా చదువుకున్నాడు కదా. ఇన్ని జరుగుతున్నా మధ్యాహ్నం మా వరండాలో మందులు ఆగలేదు. చిన్నాయన మోకాలికి లాఠీ దెబ్బ తగిలి వాచి వస్తే, నాయనమ్మ నూనె రాసింది, సీతారావమ్మగారు పాత గుడ్డ వెచ్చబెట్టి కాపడం పెట్టింది. "పరుగెత్తినవారిని పట్టుకోవటం ఇక పోలీసుల బాధ్యత" అంది. చిన్నాయన కూడా నవ్వాడు.

ఒకరోజు మాత్రం అతను తన స్నేహితుడిని దవాఖానలో చూసి వచ్చాడు. ముఖం నల్లగా ఉంది. వరండాలో నాయనమ్మ అన్నం ముందు కూర్చుని, ఎప్పటిలాగే బుక్కెడు ఎత్తి బక్క బొమ్మకు చూపిస్తోంది. సీతారావమ్మగారు చాట పట్టుకుని అక్కడే ఉంది. చిన్నాయన నిలబడే అన్నాడు, "బాగ పెట్టు అమ్మా. గా బక్కోడు ఎవడనుకున్నవ్, మనమే. వాని కంచంలది తిని తిని గా దొడ్డోడు గట్లయిండు. వాడెవడో నీ పక్కనే ఉన్నోళ్ళను అడుగు."

సీతారావమ్మగారి చేతిలో బియ్యం చేతిలోనే ఉండిపోయాయి. ఆమె ఆ బొమ్మల వైపు చూస్తూ, చాలా మామూలుగా, "ఇద్దరు కాదు యాదగిరీ. ఒక్కడే. మందు వాడకముందు అది, వాడాక ఇది. కింద రాసే ఉంది" అంది. నిద్రపోతున్న భారతిని భుజాన వేసుకుని, చాట అక్కడే వదిలేసి లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది.

నాయనమ్మ కొడుకును తిట్టలేదు. నన్ను పిలిచి, "ఏందే, ఒక్కడేనా?" అంది. నేను అక్షరాలు చదివి చెప్పాను. "నీకు తెలుసా?" అంటే తల ఊపాను. "ఆమెకు గూడ తెలుసు గద, మరి ఇన్నొద్దులు ఎందుకు చెప్పలే?" అంది. దానికి జవాబు నాకప్పుడు తెలియదు. ఒక ముసలమ్మ ముచ్చట చెడగొట్టటం ఇష్టం లేక ఒక చదువుకున్న మనిషి రోజూ ఒక అబద్ధం కల్పించి చెప్పేదనీ, మనసు విరిగినప్పుడే నిజం బయట పెట్టిందనీ అర్థం కావటానికి నేనూ పెద్దదాన్ని కావలసి వచ్చింది. నాయనమ్మ మాత్రం మొండికేసింది. "ఒక్కడు ఎట్లయితడు? చెంపలు చూడు, బుగ్గలు చూడు. పరేషాన్‌ల ఏదో అన్నది" అని తనకు తానే చెప్పుకునేది.

ఆ తర్వాత సీతారావమ్మగారు వరండాలోకి రాలేదు. నల్లా దగ్గరికి మేము పోయాకే వచ్చేది. వాళ్ళ భాగంలో పెట్టెలు జరుపుతున్న చప్పుడు వినబడేది. భర్త బదిలీకి అర్జీ పెట్టాడనీ, ముందు ఆమెనూ పిల్లనూ ఊరికి పంపేస్తున్నాడనీ మా అమ్మ కనుక్కుని వచ్చింది. నాయనమ్మ నన్ను కూర్చోబెట్టి మందులు చదవమంది. నేను వాచకం చదివినట్టు గడగడా చదివాను. "సప్పగున్నది. చాలు తియ్" అంది. మా నాయనమ్మ ఒంటరిగా ఉండటం నేను అప్పుడే చూశాను. ఇంటినిండా మేమే ఉన్నాం, అయినా ఆమె ఒంటరిగా ఉంది. నాకు చిన్నాయన మీద చెప్పలేనంత కోపం వచ్చింది. అతను మా ఎవరి ముఖమూ చూడకుండా తిరుగుతున్నాడు.

ఒకరోజు మధ్యాహ్నం నాయనమ్మ కంచం ముందు కూర్చుంది. బుక్కెడు ఎత్తింది. చెయ్యి అలవాటుగా గోడ వైపు పోయింది. సగంలో ఆగిపోయింది. ఆ బొమ్మను చాలాసేపు చూసి, ముద్ద కంచంలో పెట్టేసి, చెయ్యి కడుక్కుని లేచింది. వరండా ఆ చివరికి పోయి సీతారావమ్మగారి తలుపు తట్టింది. నేనూ వెనకే పోయాను. ఆమె తలుపు తీసింది. లోపల పరుపులు చుట్టి ఉన్నాయి. ఆమె కళ్ళు వాచి ఉన్నాయి. నాయనమ్మ గుమ్మం పట్టుకుని, "నమ్మిన సీతమ్మా. నువ్వు ఒక్కడన్నవ్, ఒక్కడే. ఇంకోటి సదువు" అంది.

సీతారావమ్మగారు గుమ్మంలోనే నాయనమ్మ భుజం మీద తల పెట్టి ఏడ్చింది. నాయనమ్మ ఆమె వీపు నిమురుతూ, "ఊకో బిడ్డా, ఊకో. ఎట్లాగూ పోతనే ఉన్నవ్, నాలుగు సదివి పోరాదూ" అంది. ఆ మాటకు ఏడుపులోనే ఆమెకు నవ్వొచ్చింది. వచ్చి చాప మీద కూర్చుంది. మొదటిసారి గజబల లేహ్యం ఉన్నది ఉన్నట్టు చదివింది, పూర్వమూ పిదపా అన్నీ కలిపి. "నకిలీలను చూచి మోసపోకుడు" అన్న చివరి మాట కూడా వదల్లేదు. అప్పుడే చిన్నాయన గేటు తీసుకుని వచ్చి, చెప్పులు విప్పి, అరుగు మీద ఒక మూల కూర్చున్నాడు. "అక్కా, గా దినం నేను..." అని ఏదో మొదలు పెట్టాడు. సీతారావమ్మగారు పూర్తి కానివ్వలేదు. "మోకాలు ఎలా ఉంది?" అంది. "తక్కువైంది" అన్నాడు. ఇంతకు మించి వాళ్ళిద్దరూ ఆ సంగతి మాట్లాడుకోగా నేను వినలేదు.

అయినా వాళ్ళు వెళ్ళిపోయారు. బదిలీ వచ్చేసింది. రిక్షాలో సామాను పెట్టి స్టేషనుకు తీసుకుపోయింది చిన్నాయనే, జేబుకు ఉద్యమం బిళ్ళ తగిలించుకుని మరీ. దారిలో ఎవరైనా ఆపితే ఏం చెప్తావురా అని మా అమ్మ భయపడింది. "మా అక్కను ఊరికి పంపుతున్న అని చెప్త. ఎవడు ఆపుతడో చూస్త" అన్నాడు. నాయనమ్మ ఒక సీసాలో వావిలాకు నూనె పోసి, మూతకు గుడ్డ కట్టి ఇచ్చింది. ఆ వానాకాలం గోడ తడిసి పేపర్లన్నీ ఊడి వచ్చాయి, మా అమ్మ గీకి పారేసి సున్నం వేయించింది. నాయనమ్మ కొన్నాళ్ళు ఆ తెల్ల గోడ పక్కనే కూర్చుంది. కిరాణా పొట్లాలు విప్పి కాగితం నా చేతికిచ్చి చదవమనేది. నేను చదివి ఊరుకుంటే, కాసేపు చూసి, "అడుగవేందే?" అనేది. అప్పుడు గుర్తొచ్చి, "నమ్మినవా నాయనమ్మా?" అనేదాన్ని. నమ్మిన అనేది గానీ, ఇంకొకటి మాత్రం అడిగేది కాదు.

ఎన్నో ఏళ్ళకు ఉద్యమం మళ్ళీ వచ్చింది. తల నెరిసిన చిన్నాయన ఎల్బీనగర్ చౌరస్తా దగ్గర టెంటులో కూర్చున్నాడు. రాష్ట్రం వచ్చిన రోజు మిఠాయి డబ్బా పట్టుకుని మా ఇంటికి వచ్చి, నా నోట్లో ఒకటి పెట్టి, నీళ్ళు తాగి, "సుగుణా, గా కంచం మాట యాదికున్నదా? కొట్లాట నాదే, మాట గూడ అబద్ధం గాదు. గని, ఆ అక్క ముందర అనేది గాకుండె" అన్నాడు. అతని జీవితంలో అంత సంతోషం ఉన్న రోజున అతనికి గుర్తొచ్చింది ఆ వరండా. మా చిన్నాయన అంటే నాకు ఇష్టం ఎందుకో అడిగితే నేను ఇదొక్కటే చెప్తాను.

ఇప్పుడు మందుల ప్రకటనలకు ఏ గోడా చాలదు. పొద్దున లేస్తే ఫోను నిండా అవే. అప్పటికంటే పెద్ద అబద్ధాలేమీ కావు, వీరమ్మలు ఇప్పుడూ ఉన్నారు, పూర్వమూ పిదపా ఇప్పుడూ ఉన్నాయి. ఎవరి ఫోనులో వాళ్ళం ఒక్కళ్ళమే చూసుకుని, ఒక్కళ్ళమే నవ్వుకుని ఇంకొకరికి తోసేస్తాం, అంతే తేడా. పక్కన కూర్చుని నమ్మావా అని అడిగేవాళ్ళు లేరు.

ఇదంతా భారతికి చెప్తూ పోయాను. ఆమెకు ఏదీ గుర్తులేదు, ఒళ్ళో నిద్రపోయిన పిల్ల కదా. విన్నంతసేపు విని, తను వచ్చిన పని చెప్పింది. చివరి ఏడాది వాళ్ళమ్మకు చూపు పోయిందట. పేపరు చదవమనేదట, వార్తలు వద్దు, ప్రకటనలు చదవమనేదట. జుట్టు మొలిపించేవి, మోకాళ్ళు మార్చేవి. ఒకటి అవగానే ముఖం పక్కకు తిప్పి, "నమ్మారా, నర్సమ్మగారూ?" అని అడిగి ఎదురుచూసేదట.

"నేను ఆవిడెప్పుడో పోయారమ్మా అనేదాన్ని. ఒక్కోసారి ఇక్కడ నర్సమ్మగారెవరూ లేరు, నేను భారతిని అనేదాన్ని. అమ్మ పేపరు మడిచెయ్యమని చెయ్యి ఊపేది. రోజూ అంతే, ఒక్కటి దాటి రెండోది విననే లేదు" అంది భారతి. "అప్పుడు మీ నాయనమ్మగారు ఏమనేవారు సుగుణా? అమ్మ ఏ మాట కోసం చూసింది?"

చెప్పాను. "అంతేనా" అంది. కళ్ళు తుడుచుకుని మళ్ళీ, "అంతేనా" అంది.

నేను కాఫీ కలుపుతానని లేవబోయాను. భారతి నా చెయ్యి పట్టి కూర్చోబెట్టింది. బల్ల మీది నా ఫోను అందుకుని, కళ్ళజోడు పెట్టుకుని, చిన్నాయన పంపిన బెండకాయ నీళ్ళ వైద్యం మొదటి నుంచి చివరిదాకా పైకి చదివింది. వాళ్ళమ్మ రాగం ఆమెకు రాలేదు, గొంతు మాత్రం అదే. చదివి, ఫోను దించి, ముఖం పక్కకు తిప్పి, ఎవరూ లేని కుర్చీ వైపు చూస్తూ, "నమ్మారా, నర్సమ్మగారూ?" అంది.

"నమ్మిన" అన్నాను నేను. "ఇంకోటి సదువు."

ఆమె ఇంకొకటి చదివింది.